ఆటల మాస్టారి జవాబులు: క్వార్టర్‌బ్యాక్‌కు పరుగు ఎంత ముఖ్యం?

ప్రశ్న: అయ్యా, మా తమ్ముడి కుటుంబం చాలా ఏళ్ళుగా అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటోంది. వాడి కొడుకు అక్కడి హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్. వచ్చే ఏడాది కాలేజీలో చేరాలి. బంతి బాగా విసురుతాడని అందరూ అంటున్నారు గానీ, 40 గజాల పరుగుకు 4.9 సెకన్లు పడుతోందట. ఒక కాలేజీవాళ్ళు వచ్చి చూసి, ఇంకాస్త వేగం ఉంటే తీసుకునేవాళ్ళమని చెప్పి వెళ్ళారట. అప్పటినుంచి పిల్లవాడు బంతి పక్కన పెట్టి రోజూ సాయంత్రం పరుగు ఒక్కటే సాధన చేస్తున్నాడని తమ్ముడు ఫోన్‌లో చెప్పి బాధపడ్డాడు. కాలేజీ జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకునేటప్పుడు వేగానికి ఎంత విలువ ఇవ్వాలి? మా ఇంట్లో ఈ ఆట తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: ముందుగా మీ తమ్ముడికి ఈ రోజే ఫోన్ చేసి, పిల్లవాడిని మళ్ళీ బంతి చేతబట్టమని చెప్పండి. పరుగు సాధన మానక్కర్లేదు, కానీ బంతి విసరడం మానేసి చేసే పరుగు సాధన క్వార్టర్‌బ్యాక్‌కు మేలు చేయదు. ఎందుకో వివరంగా చెబుతాను.

అమెరికావాళ్ళ ఫుట్‌బాల్‌కూ మనం ఆడే ఫుట్‌బాల్‌కూ పేరులో తప్ప పోలిక లేదు. జట్టుకు 11 మంది, మైదానం పొడవు 100 గజాలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు పోవాలి, పోగలిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట వచ్చేది దాదాపు ఎప్పుడూ క్వార్టర్‌బ్యాక్ చేతికే. అతడు దాన్ని పక్కవాడికి అందించవచ్చు, దూరంగా పరుగెడుతున్నవాడికి విసరవచ్చు, లేదా తానే పట్టుకుని పరుగెత్తవచ్చు. విసరదలచుకుంటే రెండున్నర, మూడు సెకన్లలోపే బంతి చేతినుంచి వెళ్ళిపోవాలి, ఎందుకంటే ఆ కొద్దిపాటి వ్యవధిలోనే భారీ మనుషులు నలుగురు, ఒక్కోసారి ఐదుగురు, అడ్డుగోడను ఛేదించుకుని అతడి మీదికి వస్తుంటారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 40 గజాలంటే 36 మీటర్ల 58 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని 4.6 సెకన్లలో పరుగెత్తేవాడికీ, మీ పిల్లవాడిలా 4.9 సెకన్లు తీసుకునేవాడికీ గీత దగ్గర ఎడం రెండున్నర, మూడు గజాలు ఉంటుంది. చూడడానికి అది పెద్ద ఎడమే. కానీ ఒక క్వార్టర్‌బ్యాక్ అడ్డు లేకుండా 40 గజాలు పరుగెత్తే సందర్భం ఎన్ని ఆటలకొకసారి వస్తుంది? అతడు పరుగెత్తినప్పుడు సాధారణంగా పరుగెత్తేది ఐదు గజాలు, పది గజాలు. పది గజాల దగ్గర ఆ ఇద్దరి మధ్య తేడా సెకనులో పదోవంతు దరిదాపుల్లో ఉంటుంది, అంటే నేలమీద కొలిస్తే సుమారు రెండడుగులు. దీని పక్కన ఇంకొక లెక్క పెట్టి చూడండి. బంతి అందుకోవలసిన ఆటగాడు సెకనుకు ఎనిమిది గజాల చొప్పున పోతుంటాడు. ఎవరికి విసరాలో తేల్చుకోవడంలో క్వార్టర్‌బ్యాక్ అరసెకను తడుముకుంటే, ఆ లోపల ఆ ఆటగాడు నాలుగు గజాలు, అంటే పన్నెండడుగులు దాటిపోతాడు. అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోటుకు ప్రత్యర్థి వచ్చేస్తాడు. కాళ్ళ నిదానం వల్ల పోయేది రెండడుగులు, కంటి నిదానం వల్ల పోయేది పన్నెండడుగులు. అందుకే నేను ఎంపిక చేయవలసి వస్తే, మొదట ఎంత త్వరగా చూసి తేల్చుకుంటాడో, తరువాత ఎంత గురిగా విసురుతాడో చూస్తాను. పరుగు ఆ రెండింటి తరువాతే.

ఆ మధ్య టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలున్నప్పుడు శుక్రవారం రాత్రుళ్ళు హైస్కూలు ఆటలు చూడడానికి వెళ్ళేవాడిని. ఒక రాత్రి కంచెకు ఆనుకుని నిలబడి బంతిని వదిలేసి క్వార్టర్‌బ్యాక్ పాదాలనే చూశాను. ఎడమవైపు కాపలా తెగి ఒక భారీ కుర్రవాడు మీదికి వస్తున్నాడు. ఈ పిల్లవాడు పరుగెత్తలేదు. కుడికాలు ఒక అడుగు పక్కకు వేసి, ఎడమకాలిని దాని వెంట జరిపి, భుజం మళ్ళీ ముందుకు తిప్పి విసిరాడు. మొత్తం కదిలింది ఒక గజం. వచ్చినవాడి చేయి అతడి వీపును రాసుకుంటూ పోయింది. అంత జరుగుతున్నా పిల్లవాడి చూపు మైదానం చివరినుంచి కిందికి దిగలేదు. ఆ గజం పాటి కదలికను 40 గజాల స్టాప్‌వాచ్ ఎలా కొలుస్తుంది?

అయితే కాలేజీ ఆటలో వేగానికి విలువ లేదని మీ తమ్ముడితో చెప్పకండి. వృత్తి ఆటగాళ్ళ లీగులో కంటే కాలేజీలో క్వార్టర్‌బ్యాక్ పరుగు ఎక్కువ పనికి వస్తుంది. దానికి కారణం మైదానం మీది గీతల్లోనే ఉంది. ప్రతి ప్రయత్నమూ మైదానం మధ్యలో గీసిన రెండు వరుసల చిన్న గీతల నడుమనుంచే మొదలవుతుంది. వృత్తి లీగులో ఆ వరుసల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు మాత్రమే, కాలేజీలో 40 అడుగులు. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కాబట్టి కాలేజీలో బంతి ఒక వరుస మీద ఉన్నప్పుడు ఒకవైపు 60 అడుగులు, మరొకవైపు 100 అడుగుల ఖాళీ ఉంటుంది. ఆ 100 అడుగుల వైపు పరుగు తీసే క్వార్టర్‌బ్యాక్‌ను చుట్టుముట్టడం కష్టం. పైగా, పాస్ విసిరే ప్రయత్నంలో అడ్డుగోడగా నిలిచే ఆటగాళ్ళు ప్రయత్నం మొదలైన గీత దాటి వృత్తి లీగులో ఒక గజమే ముందుకు పోవచ్చు, కాలేజీలో మూడు గజాల దాకా పోవచ్చు. అందువల్ల అది పరుగో, పాసో ప్రత్యర్థికి వెంటనే తెలియదు.

ఇక మనుషుల లెక్క ఒకటుంది. బంతిని పక్కవాడికి అందించి క్వార్టర్‌బ్యాక్ ఊరికే నిలబడితే, బంతి పట్టినవాడు పోగా మిగిలిన తొమ్మిదిమంది పదకొండుమందికి అడ్డుపడాలి. కొన్ని జట్లు ప్రత్యర్థి వరుస చివర ఉండే ఒకడిని కావాలనే అడ్డు లేకుండా వదిలేస్తాయి. అతడు బంతి అందుకున్నవాడి వెంట పడితే క్వార్టర్‌బ్యాక్ బంతిని తనవద్దే ఉంచుకుని ఖాళీ అయిన దారిన పరుగు తీస్తాడు, అతడు క్వార్టర్‌బ్యాక్‌ను కాపు కాస్తే బంతి పక్కవాడికి అందుతుంది. జోన్ రీడ్ అనే ఈ ఎత్తుకు రిచ్ రోడ్రిగెజ్ అనే కోచ్ 1990ల్లో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో రూపమిచ్చాడు, తరువాత అది కాలేజీ ఆట అంతటా పాకింది. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆ చివర నిలబడినవాడు 'ఈ క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తితే నాకు చిక్కడేమో' అని ఒక్క క్షణం వెనుకాడాలి. ఆ వెనుకాటు తెప్పించేంత వేగం తప్పకుండా కావాలి. అంతకు మించిన వేగం ఉంటే సంతోషమే గానీ, దాని కోసం గురిని, చూపును వదులుకోకూడదు. నా దృష్టిలో 4.9 ఆ హద్దుకు కొంచెం ఇవతలే ఉంది, కానీ మరీ దూరంగా లేదు.

ఆ 4.9 ఎలా కొలిచారో అడగండి. చేతి స్టాప్‌వాచ్‌తో కొలిస్తే సమయం సెకనులో ఐదోవంతు దాకా తక్కువ చూపించవచ్చు, ఎందుకంటే చూసేవాడి వేలు పరుగు మొదలైన తరువాత కదులుతుంది, ముగింపును మాత్రం ముందే ఊహించి నొక్కుతుంది. ఇతర పిల్లల 4.6లు, 4.7లు చేతి లెక్కలై, మీవాడిది మాత్రం యంత్రం లెక్క అయితే పోలికే తప్పు. ఇక ఒక జట్టు వద్దంటే అన్ని జట్లూ వద్దన్నట్టు కాదు. నౌకాదళం నడిపే నేవీ కాలేజీ వంటి జట్లు పరుగు మీదే ఆట కట్టుకుంటాయి, అక్కడ కీనన్ రెనాల్డ్స్ అనే క్వార్టర్‌బ్యాక్ 2012 నుంచి 2015 వరకు ఆడి పరుగుతోనే 88 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరిగీత దాటించి సాధించే స్కోరు) చేశాడు. అటువంటి జట్టుకు మీవాడు సరిపోడు, సరిపోవాలని కోరుకోనక్కర్లేదు కూడా. విసరడం మీద ఆధారపడే జట్లకు, కాపలా గట్టిగా ఉన్న జట్లకు తన ఆటల వీడియో పంపాలి. ఆ వీడియోలో పొడవైన పరుగుల కంటే, మీదికి వస్తున్నవాడిని ఒక అడుగుతో తప్పించి విసిరిన ఘట్టాలు ముందు ఉండాలి.

ప్రశ్న: మాస్టారూ, నేను రాత్రుళ్ళు మేలుకుని ఈ ఆటలు చూస్తాను. మీరు పరుగు మూడోదని ఇంతకుముందు కూడా రాశారు. అలాగైతే లామార్ జాక్సన్ వంటివాళ్ళకు పెద్ద బహుమతులు ఎలా వచ్చాయి? మెరుపు వేగం ఉన్నవాడిని వదిలి నిదానస్తుడిని ఏ కోచ్ అయినా ఎంచుకుంటాడా? (ఒక డిగ్రీ విద్యార్థి, ఆత్మకూరు)

జవాబు: ఎంచుకున్నాడు, అదీ జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట మధ్యలో. 2018 జనవరి 8న అట్లాంటాలో అలబామా, జార్జియా జట్లు తలపడ్డాయి. అలబామా క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ గొప్పగా పరుగెత్తేవాడు, ఆ ఏడాదంతా జట్టును నడిపించినవాడు. ఆ రాత్రి మొదటి సగంలో అతడు ఎనిమిది పాస్‌లు విసిరితే మూడే అందాయి, వచ్చింది 21 గజాలు. జట్టు 0-13తో వెనుకబడింది. విరామం తరువాత కోచ్ నిక్ సేబన్ అతడిని కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రవాడైన టువా టాగోవైలోవాను దించాడు. టువా మూడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, అలబామా అదనపు సమయంలో 26-23తో గెలిచింది.

ఆ చివరి రెండు ప్రయత్నాలను మీరు వీలైతే మళ్ళీ చూడండి. మొదటిదానిలో టువా బంతిని వదలకుండా వెనక్కి వెనక్కి పోయి 16 గజాలు పోగొట్టుకున్నాడు. ఎంత చురుకైన కాళ్ళున్నా తేల్చుకోవడం ఆలస్యమైతే ఏమవుతుందో అది చూపిస్తుంది. వెంటనే మరుసటి ప్రయత్నంలో అతడు మొదట కుడివైపు చూస్తూ వెనుక కాపలాదారును అటే నిలబెట్టి, ఎడమవైపు పరుగెడుతున్న డెవాంటా స్మిత్‌కు 41 గజాల పాస్ విసిరి ఆట ముగించాడు. పక్కపక్కనే వచ్చిన ఆ రెండు ప్రయత్నాలలోనూ అతడి కాళ్ళ వేగం ఒక్కటే, మారింది చూపు.

హర్ట్స్ కథ అక్కడితో ఆగలేదు, నాకు అతడి మీద గౌరవం పెరిగింది కూడా తరువాతే. అతడు 2019లో ఓక్లహోమాకు మారి, విసిరిన ప్రతి వంద పాస్‌లలో దాదాపు 70 అందేట్టు తన చేతిని దిద్దుకున్నాడు. అదే ఏడాది పరుగుతోనూ 1,298 గజాలు సాధించాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా జట్టు వృత్తి లీగు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినప్పుడు ఆ ఆటకు ఉత్తమ ఆటగాడు అతడే. వేగం మొదటినుంచీ ఉంది, గురి వచ్చిన తరువాత అది పూర్తిగా అక్కరకు వచ్చింది.

మీరు చెప్పిన లామార్ జాక్సన్ విషయం వేరు, అతడి పరుగు సామాన్యమైనది కాదు. 2016లో లూయిస్‌విల్ తరఫున 1,571 గజాలు పరుగెత్తి, 21 టచ్‌డౌన్లు పరుగుతోనూ, 30 పాస్‌లతోనూ చేసి, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. కాలేజీలో బంతి పట్టుకున్న క్వార్టర్‌బ్యాక్‌ను ప్రత్యర్థి, ప్రయత్నం మొదలైన గీతకు వెనుకే పడగొడితే పోయిన గజాలను అతడి పరుగు లెక్కలోంచి తీసివేస్తారు, వృత్తి లీగులో అలా తీయరు. అన్నీ తీసివేసిన తరువాత మిగిలిన 1,571 అది. ఇంత వేగం ఉన్నవాడు దొరికితే కోచ్ తన ఆటనంతా అతడి చుట్టూ అల్లుకోవాలి, అందులో నాకు అనుమానం లేదు. కానీ అటువంటివాడు ఒక తరానికి ఒకడో ఇద్దరో వస్తారు. అతడిని చూసి, మామూలు వేగం ఉన్న పదిమందిని స్టాప్‌వాచ్‌తో వరుసపెట్టడం సరికాదు.

రెండో వైపు జో బర్రో ఉన్నాడు. 2019లో ఎల్‌ఎస్‌యూ (లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ) తరఫున వందకు 76.3 పాస్‌లు అందేట్టు విసిరి, 60 టచ్‌డౌన్ పాస్‌లు ఇచ్చి, ఒక్క ఆటా ఓడకుండా జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిపించాడు, అతడికీ హైస్మన్ వచ్చింది. ఆ ఏడాది అతడి పరుగు 368 గజాలు. తక్కువే, అయితే ప్రత్యర్థులు అతడిని నిర్లక్ష్యం చేయడానికి వీల్లేని తక్కువ. ఇక 2000లో టామ్ బ్రేడీ 40 గజాలకు 5.28 సెకన్లు తీసుకుని వృత్తి లీగుకు 199వ వాడిగా ఎంపికయ్యాడని మీకు తెలిసే ఉంటుంది. అతడు ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. కానీ అంత నిదానంగా ఉన్నా ఫరవాలేదని ఏ పిల్లవాడికీ నేను అతడిని ఉదాహరణగా చూపను. నేటి కాలేజీ ఆటలో బర్రో కాళ్ళు కనీస కొలత.

ప్రశ్న: మేము కళాశాలలో కబడ్డీ జట్టును ఎంపిక చేసేటప్పుడు రైడర్లకు 100 మీటర్ల పరుగు పెడతాం. మీరు క్వార్టర్‌బ్యాక్ గురించి చెప్పే మాటలు ఇక్కడా వర్తిస్తాయా? (ఒక వ్యాయామ అధ్యాపకుడు, ఒంగోలు)

జవాబు: తప్పకుండా వర్తిస్తాయి. నేను ఈ విషయం అమెరికా ఆటకంటే ముందు కబడ్డీ బరిలోనే నేర్చుకున్నాను. పురుషుల బరి పొడవు 13 మీటర్లు, అందులో ప్రత్యర్థి సగం ఆరున్నర మీటర్లు. రైడర్ ఎంత లోపలికి వెళ్ళినా అంతకు మించి సూటిగా పరుగెత్తడానికి చోటే లేదు. అలాంటివాడికి 100 మీటర్ల పరుగు పెట్టి మనం కొలుస్తున్నదేమిటి?

చాలా ఏళ్ళ కిందట ఒక అంతర కళాశాలల పోటీకి నేనూ అలాగే ఎంపిక చేశాను. అందరికంటే వేగంగా పరుగెత్తిన కుర్రవాడిని మొదటి రైడర్‌గా పెట్టాను. అతడు కూత మొదలుపెట్టీ పెట్టగానే దూసుకుపోయేవాడు, మూలన ఉన్నవాడు వంగి చీలమండ దొరకబుచ్చుకునేవాడు. మూడుసార్లు అలాగే జరిగింది. విరామం తరువాత, 100 మీటర్లలో వెనుకబడిన ఇంకొక కుర్రవాడిని పంపాను. ఎర్రమట్టి మీద అతడు బాక్ లైన్ దాటి, కూత పెడుతూనే నిలబడ్డాడు. కుడి మూల ఆటగాడి పాదాలనే చూస్తున్నాడు. వాడి మడమ నేలనుంచి లేచిన క్షణంలో ఇతడు చేయి చాచి మోకాలు తాకి, తిరిగి మధ్యగీత మీద పడ్డాడు. పరుగెత్తింది నాలుగు మీటర్లు. ఆ పోటీ మేము ఓడిపోయాం. నా ఎంపిక వల్ల ఓడిపోయాం అని ఆ పిల్లలతో అప్పుడే చెప్పాను.

మీరు ఒక పని చేసి చూడండి. ఈలతో కాకుండా చేతి సైగతో పరుగు మొదలుపెట్టించండి. చేయి కుడికి లేస్తే కుడికి, ఎడమకు లేస్తే ఎడమకు ఐదు మీటర్లు పోయి, గీత తాకి వెనక్కి రావాలి. అప్పుడు కన్ను, మొదటి అడుగు, మలుపు మూడూ ఒకే లెక్కలోకి వస్తాయి. అమెరికాలోనూ 40 గజాలతో పాటు, ఐదు గజాలు ఒకవైపు, పది గజాలు మరొకవైపు, మళ్ళీ ఐదు గజాలు వెనక్కి వచ్చే పరుగు పెడతారు. క్వార్టర్‌బ్యాక్ విషయంలో నేను ముందు చూసేది ఆ రెండో పరుగునే.

ప్రశ్న: మా మనవడు అక్కడ జట్టులో బంతి పట్టుకుని తానే ఎక్కువగా పరుగెడతాడు. చూస్తుంటే గుండె జారిపోతుంది. వేగం ఉంటే దెబ్బలు తగలవంటారు, నిజమేనా? (ఒక అమ్మమ్మ, నెల్లూరు)

జవాబు: అమ్మా, నిజం కాదు. వేగంగా పరుగెత్తేవాడు దెబ్బను కొన్నిసార్లు తప్పించుకుంటాడు, కానీ ఎక్కువసార్లు పరుగెత్తడం వల్ల ఎక్కువసార్లు ఎదురుపడతాడు. 2011లో హైస్మన్ గెలిచిన రాబర్ట్ గ్రిఫిన్ 40 గజాలను 4.41 సెకన్లలో పరుగెత్తినవాడు, గురి కూడా గొప్పది. వృత్తి లీగులో మొదటి ఏడాదే, 2013 జనవరిలో, మోకాలికి తీవ్రమైన గాయమై, ఆ తరువాత మునుపటి ఆట తిరిగి రాలేదు.

అయితే క్వార్టర్‌బ్యాక్‌కు కాలేజీ ఆట నిబంధనలు ఒక రక్షణ ఇచ్చాయి. పరుగెడుతూ అతడు పాదాలు ముందుకు చాచి నేలమీద జారితే, జారడం మొదలుపెట్టిన చోటే ఆ ప్రయత్నం ముగిసినట్టు, ఆ తరువాత అతడిని ఢీకొట్టడం ఫౌల్. 2021 డిసెంబరులో పిట్స్‌బర్గ్ క్వార్టర్‌బ్యాక్ కెనీ పికెట్ జారబోతున్నట్టు నటించి, ప్రత్యర్థులు ఆగిపోగానే ముందుకు పరుగెత్తి 58 గజాల టచ్‌డౌన్ చేశాడు. కొద్ది రోజులకే, జారబోతున్నట్టు నటించినా అక్కడితో ఆట ఆగినట్టేనని అధికారులు తేల్చారు. ఆ రక్షణ మీద ఎదుటివాళ్ళకు నమ్మకం పోతే పిల్లలకే ప్రమాదం గనుక అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

మీ మనవడికి జారడం వచ్చో రాదో అడగండి. చాలామంది వేగమైన పిల్లలకు రాదు, ఎప్పుడూ తప్పించుకోగలమనుకోవడం వల్ల నేర్చుకోరు. చివరి క్షణంలో తలతో, భుజంతో పడతారు. తడి గడ్డి మీద, ప్యాడ్‌లు లేకుండా, మొదట నడుస్తూ, తరువాత నెమ్మదిగా పరుగెడుతూ, ఒక కాలు మడిచి ఇంకొక కాలు చాచి పిరుదు మీద జారడం రోజుకు పదిసార్లు చేయించమనండి. బంతి రెండు చేతులతో పొట్టకు అదిమి ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఉండాలి. ఎదురుగా వచ్చేవాడు ఇంకా మూడు గజాల దూరంలో ఉండగానే జారాలి, రెండు గజాలు వచ్చాక కాదు.